ఒంటరి పంజరంలో ఎలుక ఎంత తాగుతుంది?

ఎలుకల మద్యపానంపై ఏ పరిశోధన పత్రం చేతికి వచ్చినా, నేను ముందుగా వెతికేది వాటిని ఒక్కొక్కటిగా ఉంచారా, గుంపుగా ఉంచారా అన్న వివరం. పద్ధతుల విభాగంలో ఒక్క వాక్యంతో ముగిసిపోయే ఆ వివరం మీదే మిగతా అంకెల అర్థం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పంజరానికి రెండు సీసాలు తగిలిస్తారు. ఒకదానిలో నీళ్లు, మరొకదానిలో తరచుగా 20 శాతం ఆల్కహాలు. తర్వాత సీసాలను తూచి, తగ్గిన బరువును బట్టి ఎలుక తన శరీర బరువులో కిలోకు ఎన్ని గ్రాములు తాగిందో లెక్కకడతారు. ఒక వైపుకే అలవాటు పడకుండా సీసాల స్థానాలు మారుస్తుంటారు. కారిపోయినదీ ఆవిరైనదీ మినహాయించడానికి ఖాళీ పంజరానికి కూడా సీసాలు తగిలించి తూస్తారు. ఇంత జాగ్రత్త పడినా, ఒకే పంజరంలో నాలుగు ఎలుకలుంటే ఏది ఎంత తాగిందో సీసా బరువు చెప్పలేదు కనుక, విడివిడిగా ఉంచడమే ఆనవాయితీ అయింది. చర్మం కింద చిప్ అమర్చి, ఏ ఎలుక ఏ సీసాను ఎప్పుడు నాకిందో గుంపులోనే నమోదు చేసే పరికరాలు ఇప్పుడున్నాయి. ఖరీదెక్కువైనా వాటి వాడకం పెరగాలని నా కోరిక.

ఎందుకంటే ఒంటరితనమే తాగుడును మార్చగలదు. కౌమారంలో కొన్ని వారాలు ఒంటరిగా పెరిగిన లాంగ్ ఎవాన్స్ అనే ప్రయోగశాల జాతి మగ ఎలుకలు, గుంపులో పెరిగినవాటికంటే పెద్దయ్యాక ఎక్కువ ఆల్కహాలు తాగుతాయని అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఆడ ఎలుకల్లో మాత్రం ఆ పెరుగుదల నిలకడగా కనిపించలేదని 2014లో తేలింది.

ఉత్తేజక మందులు తోడైతే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆంఫెటమైన్ ఆకలిని చంపుతుంది, ఎలుకను అదేపనిగా తిరిగేలా చేస్తుంది. కనుక ఆ మందు ఇచ్చిన రోజు ఆల్కహాలు తగ్గితే, కోరికే తగ్గిందా లేక ఏదీ ముట్టలేదా అన్నది నీళ్లనూ మేతనూ కూడా తూచి చూస్తేనే తెలుస్తుంది.

2018లో పరిశోధకులు మార్కో వెన్నీరో, యావిన్ షహామ్‌ల బృందం ఆంఫెటమైన్ కోవకే చెందిన మెథాంఫెటమైన్‌కు అలవాటు పడిన ఎలుకల ముందు రెండు మీటలు ఉంచింది. ఒకటి నొక్కితే మందు అందుతుంది, మరొకటి నొక్కితే తోటి ఎలుక ఉన్న గది తలుపు తెరుచుకుంటుంది. ఎలుకలు దాదాపు ప్రతిసారీ తోడునే కోరుకున్నాయి. అయితే ఇలాంటి ఎంపికనే ఆల్కహాలుతో పెట్టి చూసిన తర్వాతి ప్రయోగాల్లో ఎలుకలు ఎక్కువగా మద్యం వైపే మొగ్గాయి. అందువల్ల ఉత్తేజక మందుతో వచ్చిన ఫలితాన్ని మద్యానికి నేరుగా అన్వయించడాన్ని నేను ఒప్పుకోలేను.