విచారణకర్త

ఇవాళ పెద్ద పనేం లేదు, కరెంటు పొద్దున్నుంచీ పోతా వస్తా ఉంది, బట్టలు నానబెట్టేసి పేపర్ పట్టుకుని కూర్చున్నా. ఏదో గుడి లెక్కల మీద విచారణకి ఆదేశించారని వార్త ఉంటే పైకి చదివా. నాయన కుర్చీలోంచి లేవకుండానే "మన కొండ మీద ఒకప్పుడు విచారణకర్తే ఉండేవాడు మేయ్" అన్నాడు. అంటే జడ్జీలాంటోడా అని అడిగితే ఒకటే నవ్వు.

సంగతేందంటే, 1801లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక తిరుమల గుడి పెత్తనం కూడా వాళ్లదే అయింది, క్రైస్తవ ప్రభుత్వానికి హిందూ గుళ్ల పెత్తనం ఏందని ఇంగ్లాండులో గోల మొదలయ్యేసరికి 1843లో దాన్ని హాథీరాంజీ మఠం మహంతు, అంటే మఠాధిపతి, సేవాదాసుకి అప్పగించేశారు. ఆయన హోదా పేరే విచారణకర్త. తర్వాత కూడా మహంతులే, ఉత్తరాది బైరాగులు, ప్రయాగదాసు దాకా. 1932లో చట్టం వచ్చి, 1933లో టీటీడీ కమిటీ వచ్చాక గానీ ఆ పెత్తనం పోలేదు. ఆ మఠం హాథీరాం బాబా వెంకన్న స్వామితో పాచికలాడిన కథైతే ఊళ్లో అందరికీ నోటికొచ్చు, ఈ తొంభై ఏళ్ల సంగతి మాత్రం ఎవురూ ఎత్తరు, నాకది భలే వింతగా ఉంటది.

విచారణ అనే మాట మూలం సంస్కృతమే, చర్ అంటే తిరగడం, దానికి వి చేరితే మనసు ఒక విషయం చుట్టూ తిరగడం, అంటే ఆలోచించడం. మనోళ్లు ఆ విచారాన్ని దుఃఖం చేసేశారు, ఎక్కువ ఆలోచిస్తే చివరికి మిగిలేది అదే కదా! విచారించడం మాత్రం వేరే దారి పట్టింది, యోగక్షేమాలు విచారించాడు అంటాం చూడండి, అక్కణ్ణుంచి బాగోగులు చూసుకోవడం దాకా వచ్చింది. విచారణకర్త అంటే ఆ చూసుకునేవాడు. ఇప్పుడేమో చూసుకునేవాళ్ల మీదే విచారణ వేస్తన్నారు.

గుమాస్తా కూడా ఇట్లాంటిదే, పార్సీలో దానికి అర్థం నియమించినవాడు, యజమాని తన బదులు పెట్టుకున్న మనిషి. మన దగ్గరికొచ్చేసరికి పాపం ఉత్త లెక్కలు రాసుకునేవాడైపోయాడు.

ధర్మకర్త అనే మాట నాకంత ఎక్కదు, గొప్పగానే ఉంటది గానీ అందులో చూసుకోవడం అన్నది ఎక్కడుంది? నాయన ఒప్పుకోలేదు, ధర్మం అంటేనే అదంటాడు. కరెంటొచ్చేదాకా వాదించుకున్నాం, ఆయన టీవీ పెట్టేసుకున్నాడు.