మొన కొలిచి మోసపోయాను

హ్యాండ్‌లోడింగ్, అంటే రైఫిల్ తూటాలు సొంతంగా తయారుచేసుకోవడం, మొదలుపెట్టిన కొత్తల్లో పుస్తకంలో ఉన్న తూటా మొత్తం పొడవునే వేదంలా పట్టుకున్నాను. నా .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాకి గరిష్ఠంగా 71.12 మిల్లీమీటర్లు. ప్రతి రౌండులోనూ (తూటాలోనూ) బుల్లెట్‌ని సరిగ్గా ఆ పొడవు వచ్చేదాకా దించేవాణ్ణి. గ్రూపు, అంటే టార్గెట్ మీద పడ్డ చిల్లుల గుంపు, మాత్రం దగ్గరపడేది కాదు.

కేసు, అంటే తూటా ఇత్తడి గొట్టం, మూతి దాటాక, బుల్లెట్‌ని తిప్పే గాడులు మొదలయ్యేలోపు బ్యారెల్ కొంత దూరం నున్నగా ఉంటుంది. అదే ఫ్రీబోర్. ఆ తర్వాత గాడుల మధ్య గట్లు ఏటవాలుగా లేస్తాయి. నా బుల్లెట్ ఆ గట్లకు ఎక్కడ తగులుతుందో పుస్తకం చెప్పలేదు కదా! ఎవరి రైఫిల్‌కి వాళ్లే కొలుచుకోవాలి.

ఒక ఖాళీ కేసుకి మెడ సైజింగ్ చేసి (బుల్లెట్‌ని పట్టేలా మెడను బిగించి), సన్న రంపంతో ఆ మెడను నిలువుగా రెండుచోట్ల చీల్చాను. పౌడర్ లేదు, దాన్ని అంటించే ప్రైమర్ లేదు. బుల్లెట్‌ని వేలితో గట్టిగా నొక్కితే కదిలేంత బిగువు. బుల్లెట్‌ని కొంచెం పైకే ఉంచి ఆ కేసుని ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) పెట్టి బోల్టు మెల్లగా మూస్తే, గట్లే బుల్లెట్‌ని కావలసినంత లోపలికి నెడతాయి.

బయటికి తీసి పొడవు కొలిస్తే మొదటిసారి 73.6 వచ్చింది. రెండోసారి 74.2. మూడోసారి ఉత్త కేసే బయటికొచ్చింది! బుల్లెట్ గట్లలో ఇరుక్కుపోయింది. కాసేపు టెన్షన్ పడ్డాను కానీ, బ్యారెల్ మూతివైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా తడితే ఊడిపడింది. అప్పుడు అర్థమైంది, రెండోసారి కూడా గట్లు దాన్ని పట్టుకుని కొంచెం బయటికి లాగాయని. ఆ తర్వాత బుల్లెట్‌కి మార్కర్ సిరా పూశాను. కేసు మూతి ముందు సిరా చెరిగిన పట్టీ కనిపించిందంటే బుల్లెట్ జారిందన్నమాటే, ఆ కొలత లెక్కలోకి రాదు.

మరో తలనొప్పి మొనలు. ఒకే పెట్టెలోని పది బుల్లెట్లకు మొన దగ్గర 0.3 దాకా తేడా. క్యాలిపర్‌కి కంపారేటర్ అనే కొలత ముక్క బిగించి ఓజైవ్ (మొన వెనకాల వంపు) దగ్గర కొలిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. గట్లకు తగిలేది ఆ వంపే, మొన కాదు. క్యాలిపర్ కొన్న రోజే కంపారేటర్ కూడా కొనాల్సింది.

ఇంతా చేస్తే నా మ్యాగజైన్‌లో 72 కంటే పొడవు పట్టదు! గట్ల దాకా వెళ్లే దారే లేదు. ఒక్కో రౌండే చేత్తో పెట్టి కాల్చవచ్చు గానీ, బుల్లెట్ గట్లకు ఆనితే ప్రెజర్ పెరుగుతుంది, చార్జి (పౌడర్ మోతాదు) తగ్గించి మళ్లీ మొదట్నుంచి రావాలి. మరీ లోతుకి దించినా కేసులో చోటు తగ్గి అదే గొడవ. అందుకే తక్కువ చార్జితో, 71.9 నుంచి 0.25 చొప్పున దించుతూ ఐదేసి రౌండ్లు కాల్చాను. అన్నిటికన్నా బిగువైన గ్రూపు 71.4 దగ్గర పడింది, గట్లకు రెండు మిల్లీమీటర్ల పైనే దూరంలో.

చీల్చిన కేసు ఇంకా డబ్బాలో ఉంది. నిరుడు మళ్లీ కొలిస్తే గట్లు 0.15 ముందుకు జరిగాయి. వేడికి అరిగాయి మరి.