ఉడుకునీళ్ల బోరు, చెనిక్కాయల పొడి

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో మొదటి పొద్దున అమ్మ బాత్‌రూమ్ తలుపు ఓరగా తీసి కేకేసింది. "ఒరే, ఈ నీళ్లు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడతా ఉండాయి. ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో ఏమో, కిందికి పోయి చెప్పు."

ఇక్కడ ట్యాంకూ గీజరూ లేవనీ, భూమిలోంచి వచ్చే వేడినీళ్లనే పైపుల్లో ఊరంతా పంపుతారనీ, ఆ వాసన గంధకానిదనీ చెప్పాను. చన్నీళ్ల కుళాయికి ఏ వాసనా లేదు, ఆ నీళ్లు పట్టుకుని తాగేయొచ్చు. అమ్మకు మిగతాదంతా చెవికెక్కలేదు. "అంటే వీళ్ల బోర్లల్లో ఉడుకునీళ్లు పడతాయా?" అంది. మాది మదనపల్లె పక్క పల్లె. వెయ్యి అడుగులు దింపినా దుమ్ము తప్ప ఏమీ పడని బోర్లు మా నాన్న మూడు వేయించాడు. అమ్మ ఆ మాట ఎందుకడిగిందో నాకు అర్థమైంది.

నేను డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ మూడు నెలలు ఉందామని వచ్చింది, సెప్టెంబరు చివర్లో ఇద్దరం ఐస్‌లాండ్‌కి నాలుగు రోజులు వెళ్లాం. పెద్ద బస్సుల్లో యాభై మందితో పరుగులు పెట్టడం అమ్మ మోకాళ్ల వల్ల కాదని, మా ఇద్దరికే ఒక కారూ గైడూ మాట్లాడుకున్నాను. దారి పొడవునా అక్కడి తిండి రుచి చూపిస్తూ మూడు నాలుగు చోట్లు తిప్పే టూరు. ఎంతయిందో అమ్మకు చెప్పలేదు, చెబితే కారెక్కదు.

అమ్మ పుట్టు శాకాహారి కాదు. పన్నెండేళ్ల కిందట తిరుమల మొక్కు కింద మాంసం మానేసింది, అంతే. కాబట్టి ఎదుటివాళ్లు తింటుంటే ముక్కు మూసుకునే రకం కాదు. ఉప్పు సరిపోయిందా, ముక్క ఉడికిందా అని అడిగి మరీ తెలుసుకుంటుంది.

గైడు అరవై దాటిన మనిషి, ఒకప్పుడు చేపల పడవల మీద పనిచేశాడట. టికెట్ మీద నా ఇంటిపేరు ముందు ఉండటంతో అదే నా పేరనుకుని రోజంతా నన్ను మా ఇంటిపేరుతోనే పిలిచాడు. నేనూ సరిదిద్దలేదు. ఐస్‌లాండ్ వాళ్లలో చాలామందికి ఇంటిపేరు అన్నదే లేదు. తండ్రి పేరుకు కొడుకైతే 'సోన్', కూతురైతే 'దోత్తిర్' చేరుస్తారు. పిలవడం మాత్రం సొంత పేరుతోనే, దేశాధ్యక్షుడినైనా సరే.

మొదట థింగ్‌వెల్లిర్. అలా మేం చదువుకున్నాం కానీ ఆయన నోట 'థింగ్‌వెట్లిర్' అని వినిపించింది. రెండు 'ల'లు పక్కపక్కన వస్తే వాళ్లు 'ట్ల' అంటారు. మాటకు ముందు 'ఇట్ల', వెనక 'అట్ల' అనే మా అమ్మకు అది ఒక్కసారికే పట్టుబడింది. ఆయన తెగ ముచ్చటపడ్డాడు.

ఇక్కడ భూమి నిలువునా చీలి ఉంటుంది. భూమి పైపొర పలకలు రెండు, ఒక పక్క ఉత్తర అమెరికా ఫలకం, ఇంకో పక్క యురేషియా ఫలకం, ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. ఆ చీలికలోనే, నల్లటి రాతిగోడ నీడలో, 930లో వీళ్ల పార్లమెంటు ఆల్థింగ్ మొదలైంది. రాత లేని కాలం కనుక చట్టం చెప్పే పెద్దమనిషి ఒకడు ఉండేవాడు. ఏటా మూడో వంతు చొప్పున, మూడేళ్లలో చట్టమంతా కంఠతా అప్పజెప్పేవాడు. 1944 జూన్ 17న గణతంత్రం ప్రకటించుకున్నదీ ఇక్కడే.

బాట పక్కన చిన్న మడుగు చూపించి, పాతకాలంలో తప్పు చేశారని ఆడవాళ్లను ఇందులో ముంచి చంపేవారని గైడు చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే అమ్మ, "మరి మగోళ్లనో?" అంది. తల నరికేవారన్నాడాయన. "అయితే సరే," అని ముందుకు నడిచింది.

తర్వాత లౌగార్‌వాత్న్ అనే చిన్న ఊరు. సరస్సు ఒడ్డున నల్ల ఇసుక, ఇసుకలోంచి బుడబుడమని నీళ్లు మరుగుతూ పొగలు. చెయ్యి పెడితే బొబ్బలే. ఒకాయన రబ్బరు బూట్లు వేసుకుని పారతో వచ్చి, గుర్తుకు రాయి పెట్టిన చోట తవ్వాడు. రెండు పారల ఇసుక తీసేసరికి ప్లాస్టిక్ చుట్టిన గిన్నె బయటపడింది. సరస్సు నీళ్లలో కడిగి, మూత తీసి బోర్లించాడు. ముదురు బెల్లం రంగులో రొట్టె, రై అనే గోధుమ లాంటి ధాన్యం పిండితో చేసింది, కేకులా మెత్తగా. ఇరవై నాలుగు గంటలు ఇసుకలోనే ఉడికిందట. కట్టె లేదు, గ్యాసు లేదు. దాని మీద వెన్న మన వైపు ఉప్మాలో వేసేంత కాదు, వేలు మందాన రాస్తారు. వేడికి కరిగి అంచుల నుంచి కారుతుంటే అమ్మ నాలుకతో అందుకుంది. తీపెక్కువ ఉందని మాత్రం అంది. ఈ రొట్టెకు ఉరుముల రొట్టె అని ఇంకో పేరుందని, ఎక్కువ తింటే పొట్ట ఉరుముతుందని గైడు చెప్పాడు. ఆ మాట అనువదించకముందే అమ్మ నవ్వింది. ఆయన పొట్ట పట్టుకుని చూపించిన తీరు అలాంటిది.

దారిలో ఒక పాడి రైతు ఇంటి దగ్గర ఆగాం. గాజు అవతల ఆవులు, ఇవతల మనం ఐస్‌క్రీమ్ తింటూ. అక్కడే స్కిర్ పెట్టారు. చూడ్డానికి పెరుగు, లెక్కప్రకారం చీజ్ జాతి. మీగడ తీసిన పాలతో చేస్తారు. "పెరుగును గుడ్డలో కట్టి రాత్రంతా యాలాడదీసినట్టుంది," అని అమ్మ రెండు కప్పులు తినింది. దాన్ని తోడుపెట్టడానికి పాత పద్ధతిలో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడేవాళ్లని నాకు సాయంత్రానికి గుర్తొచ్చింది. ఆ రైతు దేంతో తోడుపెడతాడో అడగలేదు. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

తర్వాత వేడినీళ్లు పైకి చిమ్మే గేసిర్ దగ్గరికి వెళ్లాం. ఇంగ్లీషులో గీజర్ అన్న మాట పుట్టిందే ఈ పేరులోంచి. ఆ అసలు గేసిర్ ఇప్పుడు ఎప్పుడో గానీ లేవదు. దాని పక్కనున్న స్ట్రోక్కుర్ మాత్రం ఆరు నుంచి పది నిమిషాలకోసారి లేస్తుంది. అందరూ నీళ్లు పైకి ఎగిరే ఫొటో తీస్తారు. కానీ చూడాల్సింది అంతకు ముందు క్షణం. గుంటలో నీళ్లు ఒకసారి లోపలికి పీల్చుకుని, మళ్లీ నీలంగా, నున్నగా, గుండ్రంగా ఉబ్బుతాయి. ఆ ఉబ్బులో లోపలి ఆవిరి కనబడుతుంది. ఆ వెంటనే పగిలి తాటిచెట్టు ఎత్తుకు లేచింది. "పాలు పొంగే ముందు మీగడ లేస్తాది చూడు, అట్ల," అంది అమ్మ. నాలుగు సార్లు చూసింది, ప్రతిసారీ పొయ్యి ఆపడానికి పోయినట్టు ఒక అడుగు ముందుకేస్తూ.

అసలు తగాదా మధ్యాహ్నం వచ్చింది. బుక్ చేసేటప్పుడు ఒకరికి శాకాహారమని రెండుసార్లు రాశాను. టూరు వాళ్లు మా ఇద్దరికీ గొర్రెమాంసం సూప్ చెప్పి ఉంచారు. ఆ చోట కూరగాయల సూప్ అయిపోయిందట. గైడు ముఖం మాడిపోయింది, పాపం ఆయన తప్పేం లేదు. నాకు కోపం నషాళానికెక్కింది. అమ్మ మాత్రం పొద్దున మిగిలిన రొట్టె కాగితంలోంచి తీసి, హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసింది. చెనిక్కాయల పొడి. వెన్న మీద చెంచాడు పొడి అద్ది తిన్నాక, "ఇప్పుడు దీనికో దోవ దొరికింది," అంది. నేను కొరికి చూశాను. రొట్టె తీపి, వెల్లుల్లి, ఎండుమిరప కారం, వెన్న. నిజంగానే దోవ దొరికింది. నా సూప్‌లో ముక్క ఉడికిందా అని అడిగింది. ఉడికిందన్నాను. ముల్లంగి లాంటి దుంపలు, క్యారెట్, మిరియాలు, చలికి బాగుంది.

గైడు కారు వెనక తలుపు తీసి ఎండుచేప సంచీ తెచ్చాడు. అట్టముక్కలా గట్టిగా ఉంటుంది, వెన్న రాసుకుని నములుతారు. ఆ వాసన రాగానే అమ్మ తలెత్తింది. "ఎండుచేప!" అని, తను తినకపోయినా, డబ్బా ఆయన ముందుకు జరిపింది. ఆయన వెన్న రాసిన ముక్కను పొడిలో అద్దాడు. నమిలాడు. ఇంకోటి అద్దాడు. ఏమీ అనలేదు, మూడోది తీసుకున్నాడు.

పులియబెట్టిన సొరచేప కూడా ఉంది. పచ్చిది విషమట, వారాల తరబడి పూడ్చి, నెలల తరబడి గాలికి వేలాడదీస్తే గానీ తినడానికి పనికిరాదు. దాని డబ్బా కారులో తెరవనివ్వడు, బయటే. అమ్మోనియా ఘాటు ముక్కులో దూరింది. ఒక్క ముక్క మింగాను. దాని గురించి ఇంకేం రాయను.

గుల్‌ఫాస్ జలపాతం దగ్గర వాన, తుంపర, గాలి. రెండు మెట్లుగా 32 మీటర్లు దూకి, నది చీలికలో మాయమవుతుంది. దాని మీద విద్యుత్ ప్రాజెక్టు కడతామని విదేశీయులు వస్తే, పక్క పొలం రైతు కూతురు సిగ్రిథుర్ తోమస్‌దోత్తిర్ ఏళ్ల తరబడి అడ్డుపడిందట. ఆమె ముఖం చెక్కిన రాయి ఉంది. ఆమె తరఫున వాదించిన లాయరే తర్వాత దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు.

తిరుగుదారిలో రేక్‌హోల్ట్ దగ్గర టమాటా తోట. గాజు ఇంట్లో, తీగల మధ్యే బల్లలు వేసి టమాటా సూప్, రొట్టె పెడతారు. బల్ల మీద తులసి జాతి మొక్క ఉన్న కుండీ, ఆకు కత్తెరతో మనమే కోసుకోవాలి. బయట ఎనిమిది డిగ్రీలు, లోపల చెమట. చలికాలం చీకట్లో కూడా దీపాల వెలుగులో ఏడాదంతా కాస్తాయట. పూలు కాయలు కట్టడానికి తుమ్మెదలను పెట్టెల్లో తెప్పించుకుంటారు. అమ్మ సూప్ ముట్టకుండా లేచి, గెల పట్టుకుని కాయలు లెక్కపెట్టింది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి పెట్టెలకు పెట్టెలు రోడ్డు పక్కన పారబోసిన రోజులు ఆమె చూసింది.

"వీటికి వేడి ఎక్కడిది?" అని అడిగింది.

బోరు నుంచి అని చెప్పాడు గైడు. అమ్మ నా వైపు చూసింది, మాట్లాడలేదు. తర్వాత చాలాసేపు సూప్ తాగింది.

చివరగా కెరిత్. ఎర్రమట్టి గోడలతో అగ్నిపర్వతపు గుంత, అడుగున పచ్చని నీళ్లు. లోపలికి టికెట్ ఉంది. "గుంత చూసేదానికి దుడ్లా? నువ్వు పోయిరా," అని అమ్మ కారులోనే ఉండిపోయింది. నేను అంచు వెంబడి చుట్టి పదిహేను నిమిషాల్లో వచ్చేసరికి ఇద్దరూ ముందు సీట్లలో ఉన్నారు. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఎండుచేప సంచీ, స్టీలు డబ్బా. డబ్బాలోకి తొంగిచూస్తే అడుగున చెంచాడు కూడా లేదు.

"ఇంగ రెండు రోజులుండాయి గదమ్మా," అన్నాను.

"పాపం, ఆయప్పకు నచ్చింది," అంది.