డముకు దగ్గర జారిపోయిన పెడల్

అరకు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బొర్రా దగ్గర జనం, మ్యూజియం దగ్గర జనం. బొంగులో చికెన్‌కి మా ముగ్గురికి తొమ్మిది వందలైంది, ముక్కలు లెక్కపెడితే కడుపు మండింది. రెండు రోజులు అలాగే గడిచిపోయాయి. నాకు గుర్తున్నదల్లా సోమవారం మధ్యాహ్నం, తిరుగు ప్రయాణంలో, అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు మీద డముకు దగ్గర ఆగిపోయిన ఐదు గంటలు.

గాలికొండ దగ్గర కాఫీ తాగి, మా కారులో సెకండ్ గేర్లో దిగుతున్నాం. ఎక్కిన గేర్లోనే దిగాలనేది నాన్న మాట. ఆయన రాజమండ్రిలో ఇరవై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపారు. మలుపులో బస్సూ లారీ ఎదురెదురుగా ఇరుక్కుంటే అందరం ఆగాం. బ్రేకు మీద కాలు ఆనించి కూర్చున్నాను. కాసేపటికి, నేను బలంగా నొక్కకపోయినా పాదం కిందికి దిగుతోంది. బురదలో దిగబడినట్టు, చప్పుడు లేకుండా. బండి మెల్లగా బస్సు వైపు జరుగుతోంది. హ్యాండ్ బ్రేకు లాగాను. పెడల్ వదిలి రెండుసార్లు గబగబా తొక్కితే మళ్లీ పైన గట్టిగా నిలబడింది. కాలు అలాగే ఉంచితే మళ్లీ జారుడే.

"ఏమైందిరా?" అంది వెనక నుంచి అమ్మ. గొంతు ఎండిపోయి జవాబు రాలేదు.

దారి తెరుచుకున్నాక, ఫస్ట్ గేర్లో, హ్యాండ్ బ్రేకు పట్టుకుని, పక్కనే చదునుగా ఉన్న టీ కొట్టు ముందుకి చేర్చాను. హ్యాండ్ బ్రేకు తీగతో పనిచేస్తుంది, కాలి బ్రేకులా ఆయిల్ ఒత్తిడితో దానికి పనిలేదు. అది లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ మనసొప్పదు. చక్రాల కింద రాళ్లు పెట్టాం.

ముందు వేడి వల్లేమో అనుకున్నాను. ఘాట్లో బ్రేకు తొక్కుతూ దిగితే ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, పెడల్ స్పాంజిలా అయిపోతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి. గాలిలో తేమ పీల్చుకుని పాతబడితే 140కే మరగొచ్చు. కానీ మాడు వాసన లేదు, చక్రాల దగ్గర చెయ్యి పెడితే మామూలు వేడే. నలభై నిమిషాలు ఆరబెట్టినా అదే తీరు. పైగా ఈ పెడల్ మెత్తగా లేదు. మొదట గట్టిగా తగిలి, తర్వాత జారుతోంది.

కొట్టు దగ్గర టీ తాగుతున్న జీపు డ్రైవరు బ్రేకు ఆయిల్ డబ్బాలోకి చూసి, "ఆయిల్ కూసింత పోసుకుని దిగిపోండి, ఏటీ అవదు" అన్నాడు. డబ్బాలో ఆయిల్ నిండుగానే ఉంది. నిండుగా ఉన్నదాన్లో ఇంకా పోస్తే ఏమొస్తుంది? అమ్మనీ మా ఆవిడనీ కూర్చోబెట్టుకుని ఆ మాట మీద దిగడం నాకు ఇష్టం లేకపోయింది. కొట్టు యజమాని ఎస్.కోటలో తనకు తెలిసిన కార్ల మేస్త్రి నంబరు ఇచ్చాడు.

ఆ మేస్త్రి ఫోన్లోనే మొత్తం తేల్చేశాడు. "ఇంజన్ ఆపీసి, పెడల్ గట్టిపడీదాకా తొక్కండి. ఇప్పుడు మెల్లగా కాలు ఆనించి అరవై లెక్కెట్టండి." ముప్పై దాటేసరికి పెడల్ సగానికి పోయింది. "నాలుగు టైర్ల లోపలపక్క తడుందేటో సూడండి." మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను, అన్నీ పొడిగానే ఉన్నాయి. పెడల్ వెనక కూడా తడి లేదు. "అయితే మాస్టర్ సిలిండరే బాబూ. బండి కదపకండి, నాను సామాను పట్టుకొస్తాను."

రెండు గంటల తర్వాత బైకు మీద వచ్చాడు, యాభై ఏళ్ల మనిషి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకి పంపే ఆ పాత సిలిండర్ విప్పి, లోపల కదిలే పిస్టన్ బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద గిన్నెలా ఉండే రబ్బరు కప్పు. అంచు ఒకచోట, ఎలక కొరికినట్టు, చిరిగి ఉంది. కాలితో నొక్కినప్పుడు ఈ అంచే ఆయిల్‌ను చక్రాల వైపు తోయాలి. అది పోతే ఆయిల్ అంచు పక్కనుంచి జారి మళ్లీ పై డబ్బాలోకే చేరుతుంది. అందుకే చుక్క బయటపడలేదు, మట్టం తగ్గలేదు. గబగబా తొక్కితే జారే తీరిక ఉండదు కాబట్టి పెడల్ నిలబడుతుంది. లోపల ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

"ఈ మధ్యన బ్రేకు పనేదైనా చేయించారా?" అని అడిగాడు. పన్నెండు రోజుల కిందటే, మా ఊళ్లో. 6,800 తీసుకుని ముందు చక్రాల ప్యాడ్లు మార్చి, ఎయిర్ తీసి (అంటే ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి బయటికి పంపి), అంతా బాగుందని కాగితం మీద రాసిచ్చారు. ఎయిర్ తీసేటప్పుడు కుర్రాడు పెడల్‌ను నేలకి ఆనేదాకా తొక్కడం నేను పక్కనే నిలబడి చూశాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. రోజూ మనం తొక్కేది సగం దూరమే. ఆ అవతల సిలిండర్ గోడకి ఏళ్ల తరబడి మడ్డి, తుప్పు పట్టి ఉంటాయి. పాత బండిలో నేలదాకా తొక్కితే రబ్బరు వెళ్లి వాటి మీద రాసుకుంటుంది. "పెడల్ కింద సెక్క పెట్టుకోవాలండి" అన్నాడు.

చెక్క అనగానే నాన్న గుర్తొచ్చారు. అంబాసిడర్‌కి ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద మందపాటి టేకు ముక్క పెట్టేవారు. తొక్కడానికి నన్ను కూర్చోబెట్టేవారు. కాలు అందదని పెట్టారనుకునేవాణ్ణి. ఆయన పోయి తొమ్మిదేళ్లు. అది దేనికో ఆ కొండ మీద తెలిసింది. అమ్మకి చెబితే, "ఆ ముక్క ఇంకా అటక మీదే ఉంది" అంది.

కొత్త సిలిండర్‌ను ముందు బయటే ఆయిల్ నింపి, బుడగలు ఆగేదాకా స్క్రూడ్రైవర్‌తో నొక్కి, అప్పుడు బిగించాడు. నన్ను సీట్లో కూర్చోమన్నాడు. తను చక్రం దగ్గర గాలి వదిలే నిప్పల్‌కి సన్న గొట్టం తగిలించి, రెండో కొస ఖాళీ నీళ్ల సీసాలో వేశాడు. "తొక్కండి... పట్టుకోండి... ఒగ్గీయండి." నల్లటి ఆయిల్ బుడగలతో వచ్చి, పోనుపోను తేనె రంగుకి తిరిగింది. ఒక్కో చక్రానికీ ఓపిగ్గా అదే పని. ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగింది. అది ఇంజన్ నడుస్తుంటే కాలి బలానికి తోడయ్యే బూస్టర్ సాయం, అలా దిగాలి. ఆ తర్వాత రాయిలా నిలబడింది. ఇద్దరం కలిసి అరవై లెక్కపెట్టాం.

సిలిండర్‌కి, ఆయిల్‌కి, కొండెక్కి వచ్చి చేసినందుకు అన్నీ కలిపి 3,500 అడిగాడు. బేరమాడలేదు. అమ్మ తను కొనుక్కున్న కాఫీ పొడి పొట్లం అతని చేతిలో పెట్టింది.

చీకటి పడ్డాక దిగాం, అదే సెకండ్ గేర్లో. టైడా దాటేదాకా మేస్త్రి బైకు మా వెనకే వచ్చింది. ఎస్.కోట గేటు దగ్గర ఆగినప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి మనసులో మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వెనక సీట్లో అమ్మ పైకే లెక్కపెడుతోంది.