గుట్ట మీది డాక్టరు

ఉప్పల్‌లో కండక్టర్ “గుట్ట, గుట్ట, గుట్ట” అని అరుస్తుంటే ఎక్కేశాను. బోర్డు మీద యాదాద్రి అని రాసినా, యాదగిరిగుట్ట అని రాసినా హైదరాబాద్‌లో మాకు అది గుట్టే. మా బస్తీలో “యాదగిరీ!” అని కేకేస్తే కనీసం ముగ్గురు వెనక్కి తిరుగుతారు.

మొక్కు నాది కాదు, అమ్మది. మోకాలి ఆపరేషన్ మంచిగా అయితే వస్తానని మొక్కుకుంది. ఇంకా వాకర్ పట్టుకునే నడుస్తోంది కాబట్టి నన్ను పంపింది. గుట్ట మీద నిద్ర చేస్తే స్వామి కలలోకి వచ్చి ఆపరేషన్ చేసి పోతాడని మా పెద్దవాళ్ల నమ్మకం. అందుకే ఆయన వైద్య నరసింహుడు. అది జనం ముద్దుగా పెట్టుకున్న పేరే అనుకునేవాణ్ణి. బస్సులో విష్ణు సహస్రనామం చదువుకుంటుంటే “వేద్యో వైద్యః సదాయోగీ” దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లూ నోటికి వచ్చిన మాటే, చెవికెక్కలేదు.

మూడో శ్లోకంలో ఇంకో తమాషా ఉంది. “నారసింహవపుః శ్రీమాన్”. 21వ నామం నరసింహ రూపం, 22వది వక్షస్థలంలో లక్ష్మి ఉన్నవాడు. గోళ్లూ కోరలూ తలచుకునేలోపే అమ్మవారు వచ్చేస్తుంది. శిల్పి ఆమెను ఎడమ తొడ మీద కూర్చోబెడతాడు. హంపిలో 1528 నాటి 6.7 మీటర్ల ఏకశిలా విగ్రహమూ లక్ష్మీనరసింహుడే. లక్ష్మి విగ్రహం ధ్వంసమైంది, స్వామి వీపు మీద ఆమె చెయ్యి ఒక్కటే మిగిలింది. ఒడి ఖాళీ అయ్యేసరికి ఆయన్ను ఉగ్రనరసింహుడు అనేశారు. ఆ చెయ్యి చూసినవాళ్లు మాత్రం అలా అనలేరు, నాకైతే నోరు రాదు.

2022 మార్చి 28న కొత్త ఆలయం తెరిచాక నేను వెళ్లడం ఇదే మొదలు. నల్లరాతి మండపాలు, స్తంభాలు చూసి మెడ నొప్పి పుట్టింది. లోపల స్వామి ఉన్నది మాత్రం అదే పాత గుహ. అక్కడే నా తెలివి బయటపడింది: ఫోన్‌తో పాటు కళ్లద్దాలు కూడా బ్యాగులో పెట్టి కౌంటర్‌లో ఇచ్చి వచ్చాను! దీపం వెలుగు తప్ప ఏమీ ఆనడం లేదు.

ముందున్న పెద్దమ్మ చూసి, “కనబడ్తలేదా బిడ్డా? అగో, పాము లెక్క ఉన్నది సూడు, జ్వాలా నరసింహస్వామి. కండ్లు మూసుకొని కూసున్నది యోగానందుడు,” అంది. పేరేమో మంట, రూపమేమో పాము. యోగానందుడు అనగానే ఇందాకటి “సదాయోగీ” గుర్తొచ్చింది. వైద్యుడూ యోగీ ఒకే పాదంలో ఉన్నారు. గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలతో కలిపి దీన్ని పంచ నారసింహ క్షేత్రం అంటారు. అన్నీ అడిగి తెలుసుకునే టైమ్ ఎక్కడిది? “నడవండి, నడవండి” అని వెనక నుంచి ఒకటే తోపులాట.

రాత్రి ఇంటికొచ్చి పులిహోర అమ్మ చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని, “డాక్టరు ఏమన్నడురా?” అని అడిగింది.

“నడవమన్నడు,” అన్నాను.