షెరిడాన్‌లో జీను, బాపు చేతిలో ఆరె

జులైలో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, షెరిడాన్‌లో గది కావాలంటే నెలల ముందే చూసుకోండి. రోడియో (గుర్రాలు, పశువులతో కౌబాయ్‌ల పోటీలు) వారం కావడంతో మేం దిగిన మోటెల్ ఒక్క రాత్రికి 280 డాలర్లు తీసుకుంది. కిటికీ ఏసీ రాత్రంతా మోత. పొద్దున టిఫిన్ అంటే ఒక అరటిపండు, చిన్న డబ్బాలో పెరుగు. డెన్వర్ నుంచి ఐ-25 హైవే మీద చెయెన్, కాస్పర్ దాటుకుంటూ వచ్చినవాళ్లకు ఆ గాలి సంగతి తెలిసిందే, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని పట్టుకుని చేతులు నొప్పెట్టాయి. మా బాపు (నాన్న) మాత్రం కిటికీలోంచి చూస్తూ, "గింత భూమి పెట్టుకొని మనుషులేడ పోయిండ్రు రా?" అని దారి పొడుగునా అడిగాడు.

మేం బయల్దేరింది యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను షెరిడాన్ గురించి రాస్తాను, ఎందుకంటే మా బాపు తన చిన్నతనం గురించి నాతో మాట్లాడింది అక్కడే.

మెయిన్ స్ట్రీట్‌లో కింగ్స్ శాడిలరీ ఉంది. తాళ్లు, టోపీలు అమ్మే పెద్ద దుకాణం, వెనకవైపు మ్యూజియం. వందల జీన్లు. డాన్ కింగ్ (1923–2007) అనే ఆయన ఈ ఊళ్లోనే జీన్లు చేశాడు. తోలు మీద చిన్న చిన్న అడవి గులాబీలు, వాటి చుట్టూ వలయాలుగా మెలికలు తిరిగే తీగలు. ఆ పనితనానికి ఇప్పుడు షెరిడాన్ శైలి అనే పేరు. 1991లో ఆయనకు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది, జానపద, సంప్రదాయ కళలకు ఆ దేశం ఇచ్చే పెద్ద గౌరవం అది. నేను ఫోటోలు తీసుకుంటుంటే బాపు ఒక జీను దగ్గర వంగి కుట్టు చూస్తున్నాడు. పూలు కాదు, కుట్టు.

"దీనికి ఆరె వాడిండ్రు రా," అన్నాడు. ఆరె అంటే కుట్టు కోసం తోలుకు రంధ్రాలు పొడిచే పనిముట్టు.

మా తాత తోలుపని చేసేవాడని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. జగిత్యాల వైపు మా ఊరు. బాపు సర్కారు బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో తోలు మాట, లంద (తోళ్లు నానబెట్టే తొట్టి) మాట ఎప్పుడూ రానిచ్చేవాడు కాదు.

జీను చేయడం చూడాలంటే ఎక్కడికి పోవాలని దుకాణంలో అడిగితే, ఊరి చివర ఒక్కడే కూర్చుని చేసుకునే పెద్దాయన ఒకరున్నారని చెప్పారు. గ్యారేజీ అంత షెడ్డు. తలుపు తీసే ఉంది. చూడ్డానికి వచ్చామంటే కాదనలేదు, రెండు స్టూళ్లు చూపించి తన పనిలో పడ్డాడు. అరగంట అనుకున్నది మధ్యాహ్నం మొత్తం అయింది.

ఆయన చేస్తున్నది రోపింగ్ జీను. గుర్రం మీంచి తాడు విసిరి పశువును పట్టేవాళ్ల కోసం చేసేది. తాడు మెడలో పడగానే దాని కొసను జీను ముందున్న కొమ్ముకు చుట్టేస్తారు. ఆ చుట్టులో వేలు ఇరుక్కుని బొటనవేలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పరుగు మీదున్న పశువు బరువంతా ఒక్క కుదుపుతో ఆ కొమ్ము మీద పడుతుంది. అందుకని కొమ్ము దిట్టంగా ఉండాలి. కుదుపుకు జీను వెనకభాగం పైకి లేవకుండా పొట్ట కింద రెండో పట్టీ కూడా ఉండాలి. దూడను పట్టేవాడు గుర్రం ఆగీ ఆగకముందే కిందికి దూకాలి కాబట్టి వెనక గట్టు ఎత్తుగా ఉండకూడదు. బరువు 18 కిలోల దాకా తూగుతుంది.

లోపల ఉండేది కర్ర చట్రం. దానికి పచ్చి తోలు తడిపి తొడిగి కుట్టేస్తారు. ఊనని (పదును చేయని) తోలు ఆరేకొద్దీ కుంచించుకుపోయి కర్రను బిగించి పట్టుకుంటుంది. పెద్దాయన ఒక ఖాళీ చట్రం బాపు చేతికిచ్చాడు. బాపు దాన్ని వేళ్లతో కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు.

"డప్పు గిట్లనే బిగిస్తరు. ఆయనకు చెప్పు," అన్నాడు. చెప్పాను. పెద్దాయనకు డప్పు అంటే తెలియదు. నా ఫోన్‌లో డప్పు ఆట వీడియో చూపించాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి చివరిదాకా చూశాడు.

ఆ తర్వాత చెక్కడం మొదలుపెట్టాడు. తోలు ముక్కల్ని ముందు చట్రం మీద సరిపెట్టి, గుర్తులు పెట్టుకుని, మళ్లీ తీసి చెక్కుతారు. జీను కింది రెక్కల తోలు ఐదారు మిల్లీమీటర్ల మందం. అది సెయింట్ లూయిస్‌లోని హెర్మన్ ఓక్ నుంచి వచ్చిందట. 1881 నుంచి తోళ్లు ఊనుతున్న కంపెనీ అది. ముందురోజే తడిపి సంచిలో చుట్టి పెట్టాడు. పొద్దున తీసేసరికి రంగు పొడితోలుకు దగ్గరగా వచ్చేస్తుంది, లోపల మాత్రం చెమ్మ ఉంటుంది. అది తెలుసుకోడానికి ఆయన తోలును చెంపకు ఆనించుకున్నాడు. చల్లగా తగిలితే పనికి వచ్చినట్టు.

అడుగున గ్రానైట్ బండ. చేతిలో స్వివెల్ నైఫ్, దాని పైన చూపుడువేలు ఆనడానికి ఒక వంపు, కింద తిరిగే కాడ. కాడను వేళ్ల మధ్య దొర్లిస్తూ ఆయన ఒక్క గీతలో తీగ మొత్తం గీసేశాడు. ఎక్కడా చెయ్యి ఎత్తలేదు. తర్వాత ఆ గీత అంచు వెంబడి ఉలిలాంటి ముద్రను గూటంతో కొడుతూ పోతే ఒకవైపు తోలు అణిగి ఆకు పైకి లేచినట్టు కనిపిస్తుంది. రేకుల లోపలికి గుండ్రటి ముద్ర, ఈనెలకు ఒకటి, పువ్వు నడిమి గింజలకు ఒకటి. ఆకులకు, పూలకు వెనక ఉన్న ఖాళీ అంతా సన్నని చుక్కలతో అణచాలి. ఇది అన్నిటికంటే విసుగు పని, ఇదే అన్నిటికంటే ఎక్కువ పని కూడా. చివర్లో మళ్లీ కత్తి తీసుకుని రేకు రేకుకూ సన్నటి గీతలు. ఇవి గుర్తు పెట్టుకోకుండా నేరుగా గీస్తారు, చెరిపే వీలు లేదు. పనివాడి చెయ్యి ఎలాంటిదో ఆ గీతల్లో బయటపడుతుంది.

బాపు లేచి వెళ్లి బల్ల మీద పనిముట్లు చూశాడు. ఆరె తీసుకున్నాడు. పెద్దాయన ఒక పాత ముక్క ఇచ్చాడు. డెబ్బై దాటిన మా బాపు, నేనెన్నడూ సూది కూడా పట్టగా చూడని మనిషి, దాని మీద వరుసగా రంధ్రాలు పొడిచాడు. ఎడం అంతా ఒకేలా వచ్చింది. పెద్దాయన ఆ ముక్కను వెలుతురుకు పెట్టి చూసి, ఎవరు నేర్పారని అడిగాడు.

"మా నాయన," అన్నాడు బాపు. తాత మోట బొక్కెనలు కుట్టేవాడట. కరెంటు మోటార్లు రాకముందు ఎద్దులు బావిలోంచి నీళ్లు లాగింది ఆ తోలు బొక్కెనతోనే. ఊరందరి పొలాలకూ మా తాత చేతి పనే. ఆ కుట్టు విడిపోతే ఆ రోజు నీళ్లు లేవు. అంత బరువు, తాడు మీద, రోజంతా. నేను ఇంగ్లీషులోకి మారుస్తుంటే పెద్దాయన తలూపుతున్నాడు, అది ఆయనకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. బాపు ఇంకా చెప్పాడు. బడిలో తన దగ్గర లంద వాసన వస్తోందని వేరే కూర్చోబెట్టేవాళ్లట. ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చడానికి కొంచెం టైం పట్టింది.

పూర్తయిన ఇంకో జీను మూలన ఉంది. దాని మీద చిన్న ముద్ర, ఆయన పేరు, కింద షెరిడాన్, వయోమింగ్ అని. పూర్తి చెక్కడంతో 8 వేల డాలర్ల పైన, ఆర్డరిస్తే ఏడాది దాటి ఆగాలి. బాపు ధర విని ఏమీ అనలేదు. ముద్ర చూపించి, "పేరు ఏసుకుంటడా?" అని మాత్రం అడిగాడు.

నాకు కోపం వచ్చింది. ఆ పెద్దాయన మీద కాదు. అక్కడ తోలు పని చేసినవాడి పేరు తోలు మీద ఉంటుంది, పేరు చూసి జనం ఏడాది ఆగుతారు. మా ఊళ్లో తాత పేరు ఎవరూ పిలవలేదు, కులం పేరుతో పిలిచారు. ఆయన కుట్టిన చెప్పులు వేసుకున్నవాళ్లే ఆయన్ని తమ అరుగు ఎక్కనివ్వలేదు. నిమ్మలకుంట తోలుబొమ్మల దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు నిజంగా సంతోషించాను. మోట బొక్కెనకు మాత్రం నాకు తెలిసి మ్యూజియం లేదు, అది కుట్టినవాళ్లకు ఒక స్మారక ఫలకం కూడా లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

వచ్చేముందు పెద్దాయన ఒకటి అడిగాడు. మీ దగ్గర తోలు దేంతో ఊనుతారు? తంగేడు చెక్క అన్నాడు బాపు. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పువ్వు చెట్టు బెరడు. జీనుకు ఆయన పశువుల కాలి ఎముకల నుంచి తీసే నూనె పట్టిస్తే, తాత ఆముదం పట్టించేవాడట. ఎన్నాళ్లు నానబెట్టాలి, ఎన్ని నీళ్లు మార్చాలి అని పెద్దాయన అడిగితే బాపుకు గుర్తు లేదు. కనుక్కుని చెబుతానన్నాడు.

మర్నాడు డేటన్ మీదుగా బిగ్‌హార్న్ కొండలెక్కి, షెల్, గ్రేబుల్ దాటి కోడీ చేరాం. ఘాట్ రోడ్డు బాగుంటుంది. దారంతా బాపు మాట్లాడుతూనే ఉన్నాడు. కోడీలో గది తలుపు తీయగానే ఊళ్లో ఉన్న పెద్దబాపుకు ఫోన్ కలపమన్నాడు. "అమెరికా పోయి గిది అడుగుతున్నవేందిరా?" అని ఆయన గట్టిగా అరిచి, ఆ తర్వాత అంతా చెప్పాడు. సున్నంలో వేసి వెంట్రుక తీయాలె. తోలును సంచిలెక్క కుట్టి, వేలాడదీసి, తంగేడు చెక్క నీళ్లు అందులో పోసి ఊరబెట్టాలె. కారిన నీళ్లు మళ్లీ పోస్తుండాలె. ఆఖర్న కరక్కాయ.

రాత్రే కూర్చుని అదంతా పెద్దాయనకు మెయిల్ రాశాను. అడుగున మా తాత పేరు, ఊరి పేరు పెట్టమన్నాడు బాపు. పెట్టాను. యెల్లోస్టోన్‌లో సిగ్నల్ దొరికిన చోట జవాబు వచ్చింది. చెక్కను ఎంత ముతకగా దంచాలని అడిగాడు ఆయన.