వేడి చేసిందనుకునే ముఖం: రోసేషియా, మెడికల్ షాపు ట్యూబు

ముఖం మీద ఏం లేచినా మనవైపు మొదట వచ్చే మాట ఒకటే: "వేడి చేసింది." సబ్జా గింజలు నానేసుకుని తాగమంటారు, మజ్జిగ తాగమంటారు, మామిడిపండ్లు మానమంటారు. పది రోజులు చూసి, తగ్గకపోతే మెడికల్ షాపుకు పోయి ముఖం చూపిస్తారు. షాపాయన ఓ ట్యూబు తీసిస్తాడు. మూడు రోజులకు ముఖం తేటపడుతుంది. చిక్కంతా ఆ మూడు రోజుల్లోనే ఉంది. ట్యూబు సంగతికి తర్వాత వద్దాం, ముందు జబ్బు సంగతి.

రోసేషియా ముఖం నడిమి భాగాన్ని పట్టుకునే దీర్ఘకాలపు జబ్బు. ఎక్కువగా ముప్పై దాటాక మొదలవుతుంది. బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదురు, ఈ చోట్ల చర్మంలో ఉండే సన్న రక్తనాళాలు, నరాలు ఊరికే రెచ్చిపోతుంటాయి. మొదట్లో ముఖం ఉన్నట్టుండి వేడెక్కి, కంది, కాసేపటికి మామూలవుతుంది. కొన్నాళ్లకు ఆ కందడం దిగకుండా నిలిచిపోతుంది. ఆపైన చిన్న చిన్న గుల్లలు, చీము పొక్కులు, ముక్కు పక్కల దారాల్లాంటి రక్తనాళాలు కనబడతాయి. అందరికీ అన్నీ రావు, ఇదే వరసలో రావాలనీ లేదు.

నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఒకటుంది. వేడి తగిలినా, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా మేలుకునేది అదే. అంటే పెద్దవాళ్ల "వేడి" మాటలో సగం నిజముంది: ఎండ వేడి, పొయ్యి వేడి, వేడివేడి కారం దీన్ని ఎగదోస్తాయి. కానీ ఒంట్లో వేడి పెరిగి వచ్చిన జబ్బు కాదు కాబట్టి సబ్జా నీళ్లతో దిగదు. చర్మపు సొంత రక్షణ వ్యవస్థ అవసరం లేకున్నా మంట పుట్టించడం, డెమోడెక్స్ అనే కంటికి కనబడని పురుగులు మామూలుకంటే ఎక్కువ ఉండటం కూడా ఇందులో కలిసి ఉంటాయి. ఆ పురుగులు అందరి ముఖాల మీదా ఉండేవే, భయపడాల్సింది లేదు. జబ్బు ఒకరినుంచి ఒకరికి అంటదు. మురికివల్ల రాదు, రుద్ది కడిగితే పోదు, పైగా పెరుగుతుంది.

పుస్తకాల్లో ఫొటోలన్నీ తెల్లతోలు వాళ్లవి. టమాటా రంగు బుగ్గలు చూపించి ఇదే రోసేషియా అంటే, చామనఛాయ ముఖాన్ని అద్దంలో చూసుకున్నవాళ్లు "నాకది కాదులే" అనుకుంటారు. మన రంగులో ఎరుపు అంతగా బయటపడదు. బుగ్గలు ముదురు గోధుమరంగుకో, వంగపండు చాయకో తిరిగినట్టుంటాయి. కంటికంటే చేతికే ముందు తెలుస్తుంది: బుగ్గ మీద చేయి పెడితే వెచ్చగా, కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. సబ్బు తగిలినా, చెమట దిగినా చురచురమంటుంది. డాక్టరు గాజు పలకతో బుగ్గను నొక్కి చూసేది ఇందుకే. నొక్కినప్పుడు పాలిపోయి, వదలగానే రంగు తిరిగొస్తే అది రక్తనాళాల ఎరుపు. ఎండమచ్చ, మంగు అయితే నొక్కినా మారదు.

మొటిమలకూ దీనికీ తేడా కనిపెట్టడానికి నల్లముక్కులు, తెల్లముక్కులు (బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్) వెతకాలి. రంధ్రాలు మూసుకుని వచ్చే ఆ ముక్కులు మొటిమల్లో ఉంటాయి, రోసేషియాలో ఉండవు. ముక్కు పక్క మడతల్లో, కనుబొమల్లో జిడ్డు పొట్టు రాలుతుంటే సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. ఇంకో రెండింటిని మాత్రం ఇంట్లో తేల్చుకోకూడదు. బుగ్గల మీద ఎరుపుతోపాటు కీళ్లనొప్పులు, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం ఉంటే లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదికే తిరగబడే జబ్బు) అనుమానించి ఏఎన్ఏ రక్తపరీక్ష రాస్తారు. లూపస్ ఎరుపు సాధారణంగా ముక్కు పక్క మడతను వదిలేస్తుంది. రెండోది కుష్ఠు: ముఖం మీద ఉబ్బిన మచ్చ, స్పర్శ తగ్గడం, చెవి తమ్మెలు మందం కావడం. మన రాయలసీమ జిల్లాల్లో ఏ చర్మం డాక్టరైనా ముఖపు మచ్చ చూస్తే తమ్మె పట్టుకుని చూడటం అలవాటుగా పెట్టుకుంటాడు. తప్పుగా అనుకోవద్దు.

ఇక ట్యూబు. షాపులో ఇచ్చే ముఖం క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వెనక సన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అని కనబడితే అదే. కొన్నిట్లో తామరమందు, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి. "తెల్లబడే" క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ పక్కన స్టెరాయిడ్ కూర్చుని ఉంటుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది, వాపును అణుస్తుంది, అందుకే మూడు రోజుల్లో ముఖం తేటపడుతుంది. వారాలు, నెలలు రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు సాగిపోతాయి, సన్న వెంట్రుకలు మొలుస్తాయి. మానిన కొద్దిరోజులకే ముఖం భగ్గుమంటుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. "మానితే ఎక్కువవుతోంది, రాస్తే తగ్గుతోంది, అంటే మందు పనిచేస్తున్నట్టేగా" అనేది వినడానికి తర్కంగానే ఉంటుంది. నిజానికి చర్మం ఆ క్రీముకు అలవాటుపడిపోయిందనడానికి గుర్తు అదే. రోసేషియా లేనివాళ్లకు కూడా స్టెరాయిడ్ రోసేషియా తెచ్చిపెడుతుంది. మన దేశపు చర్మవైద్యులు ఇలా పాడైన ముఖానికి వేరే పేరే పెట్టుకున్నారంటే ఎంతమంది వస్తుంటారో చూడండి. 2018లో కేంద్రం చర్మానికి రాసే స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అడిగితే ఎంత తేలిగ్గా దొరుకుతాయో చెప్పక్కర్లేదు.

నెలల తరబడి రాసినవాళ్లు పై పేరా చదివి ఒక్కసారిగా ట్యూబు పారేయొద్దు, ముందు డాక్టరుకు చూపించండి. ఎన్నాళ్లు, ఎంత ఘాటైనది రాశారన్నదాన్ని బట్టి ఒక్కసారే ఆపించడమో, తక్కువ ఘాటుదానికి మార్చి మెల్లగా దింపడమో చేస్తారు. ఆ మధ్యకాలాన్ని దాటించడానికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంటు, డాక్సీసైక్లిన్ మాత్రలు, చల్లటి తడిగుడ్డ వాడతారు. మొదటి కొన్ని వారాలే గడ్డుకాలం. పూర్తిగా సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు. చాలామంది ఈ మొదటి వారాల్లోనే డాక్టరు మందు పడలేదనుకుని పాత ట్యూబుకు పోతారు.

డాక్టరంటే ఎవరు? బోర్డు మీద ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీవీడీ లాంటి చర్మవ్యాధుల చదువు ఉందో లేదో చూడండి. స్కిన్ క్లినిక్, కాస్మెటిక్ సెంటర్ అన్న పేరు చదువు కాదు. డబ్బు ఇబ్బందైతే కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే పోయి ఓపీ చీటీ రాయించుకోవాలి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, కవర్లో వేసుకుపోండి. బీపీ మాత్రల పేర్లు కూడా చెప్పండి, ఆమ్లోడిపిన్ లాంటివి ముఖాన్ని కందిస్తాయి. పౌడరు, క్రీము లేకుండా పోవాలి. ముఖం కందినప్పుడు కిటికీ వెలుతురులో, బ్యూటీ ఫిల్టరు తీసేసి ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అది ఎప్పుడూ కందదు!

ఒకప్పుడు ఈ జబ్బును నాలుగు రకాలుగా విడదీసేవారు. 2017 నుంచి ముఖం మీద ఏయే లక్షణాలున్నాయో చూసి, ఒక్కోదానికి ఒక్కో మందు పెట్టే పద్ధతి వచ్చింది. రోగికి దీనివల్ల తెలియాల్సింది ఒకటుంది: గుల్లలు తగ్గించే మందు దారాల్లాంటి నాళాలను తీయదు. "గుల్లలు పోయాయి గానీ ఎరుపు పోలేదు" అన్నది మందు లోపం కాదు.

గుల్లలకు పూతమందులు ముఖ్యంగా మూడు. మెట్రోనిడజోల్ జెల్ 0.75 శాతమైతే రోజుకు రెండుసార్లు, 1 శాతమైతే ఒకసారి. ఐవర్‌మెక్టిన్ క్రీము 1 శాతం రోజుకోసారి: నుదురు, గడ్డం, ముక్కు, రెండు బుగ్గలు, ఒక్కోచోటికి బఠాణీ గింజంత. ఇది డెమోడెక్స్‌ను తగ్గిస్తుంది, మొదటి వారాల్లో కాస్త రేగినట్టు అనిపించొచ్చు. మూడోది అజెలాయిక్ ఆమ్లం 15 శాతం జెల్, రోజుకు రెండుసార్లు. మన రంగు చర్మానికి ఇదే మంచి ఎంపిక అనిపిస్తుంది, ఎందుకంటే గుల్లలు మానాక మిగిలే నల్లమచ్చల్ని కూడా పలచబరుస్తుంది, గర్భిణులకూ రాస్తారు. అయితే మొదట్లో చురచుర తప్పదు. ముఖం కడిగి పది పదిహేను నిమిషాలు పూర్తిగా ఆరనివ్వాలి. అయినా మండితే ముందు మాయిశ్చరైజర్ రాసి దానిమీద మందు రాయాలి, లేదా రోజు విడిచి రోజు మొదలుపెట్టాలి. ఏ మందుకైనా 8 నుంచి 12 వారాలు ఇవ్వాలి. రెండు వారాలకే డాక్టర్ని మార్చేవాళ్లకు ఏ మందూ పనిచేయదు.

గుల్లలు ఎక్కువైతే డాక్సీసైక్లిన్. 40 మి.గ్రా. నిదానంగా విడుదలయ్యే రకం సూక్ష్మజీవుల్ని చంపడానికి కాదు, వాపు తగ్గించడానికే. 100 మి.గ్రా. కూడా రాస్తుంటారు. 40 మి.గ్రా. రకాన్ని తిండికి గంట ముందో, రెండు గంటల తర్వాతో, 100 మి.గ్రా.దాన్ని అన్నం తిన్నాక వేసుకోవాలి; ఏదైనా నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట దాకా పడుకోకూడదు. గుక్కెడు నీళ్లతో మింగి నడుం వాలిస్తే మాత్ర అన్ననాళంలో ఇరుక్కుని పుండు చేస్తుంది. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలకు రెండు మూడు గంటలు ఎడం ఉండాలి. ఎండకు చర్మం తొందరగా కమిలేలా చేస్తుంది కాబట్టి చేలో పనిచేసేవాళ్లు ఆ మాట డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. దీనికీ లొంగకపోతే తక్కువ మోతాదు ఐసోట్రెటినోయిన్. అది గర్భంలో బిడ్డకు తీవ్రహాని చేస్తుంది, వాడుతున్నన్నాళ్లూ, ఆపాక నెల దాకా గర్భం రాకూడదు.

ఎరుపు తాత్కాలికంగా దిగడానికి బ్రిమోనిడిన్ జెల్ ఉంది. కొన్ని గంటలు నాళాలను బిగించి పెడుతుంది. కొందరికి ప్రభావం దిగగానే ముందుకంటే ఎక్కువ కందుతుంది. పెళ్లి రోజున మొదటిసారి రాసి చూసే మందు కాదిది. దారాల్లాంటి నాళాలకు లేజరే దారి. అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు పోతుంటారు. ఎక్కడికి పోయినా ఒక ప్రశ్న అడగండి: మన రంగు చర్మానికి ఏ యంత్రం, ఎంత శక్తితో? ఐపీఎల్ అనే యంత్రం మెరుపులా వదిలే కాంతి చర్మపు రంగును కూడా పట్టుకుంటుంది, తేడా వస్తే కాలిన మచ్చలు మిగులుతాయి. లోతుకు పోయే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజరు ముదురు చర్మానికి కాస్త నయం. ముందు చిన్నచోట పరీక్షించమనండి.

మందు ఎంత ముఖ్యమో, మానుకోవాల్సినవి అంతే ముఖ్యం. సున్నిపిండి నలుగు, నిమ్మరసం, టూత్‌పేస్టు, ఆవిరి పట్టడం, బ్లీచు, ఫేషియల్, గడ్డం గీసుకున్నాక పటిక, అన్నీ పక్కన పెట్టాలి. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. దానికి మన బోరు నీళ్ల కాఠిన్యం తోడైతే సబ్బు తెట్టు ముఖానికే అంటుకుంటుంది. వాసన లేని, సబ్బు కాని క్లెన్సర్‌తో, గోరువెచ్చకంటే తక్కువ నీళ్లతో రోజుకు రెండుసార్లు చాలు. తువాలుతో రుద్దకుండా అద్దాలి.

సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నది, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. తెల్లగా బూడిద పూసినట్టు ఉంటుందని మానేసేవాళ్లు రంగు కలిపిన రకం అడగొచ్చు. బండి మీద ముఖానికి బిగించి కట్టే నైలాన్ చున్నీ ఎండను ఆపినా వేడినీ చెమటనూ లోపలే ఉంచి రాపిడి పెడుతుంది. పలచటి నూలుగుడ్డ వదులుగా కట్టాలి. అనంతపురంలో గాలిమరలు తిప్పే ఆ పొడిగాలి కూడా తక్కువది కాదు, ఆ గాలి వీచే నెలల్లో మాయిశ్చరైజర్ రెండు పూటలా పడాలి.

తిండి దగ్గర అందరికీ ఒకే నిషేధం పెట్టడం అన్యాయం. ఉగ్గాని బజ్జీ, ఎర్రకారం దోసె మానేయమంటే రాయలసీమలో ఎవరు వింటారు? రెండు వారాలు ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి: ఏం తిన్నారు, ఎక్కడ ఉన్నారు, ఎంతసేపటికి కందింది. కొందరికి కారం కంటే వేడే అసలు దోషి అని తేలుతుంది. సంగటి, పులుసు కాస్త ఆరనిచ్చి తింటే సరిపోతుంది. కాఫీ కూడా అంతే, గోరువెచ్చగా తాగితే చాలామందికి ఏమీ కాదు. మద్యం మాత్రం చాలామందిని కందిస్తుంది. తిండికంటే వంటే ఎక్కువ కందించే ఇళ్లున్నాయి. ఇరవై జొన్నరొట్టెలు కాల్చడమంటే అరగంటసేపు పెనం ముందు ముఖం పెట్టడమే. పొయ్యికి ఎదురుగా కాక పక్కకు నిలబడటం, ఐదారు రొట్టెలకోసారి పక్కకొచ్చి చల్లనీళ్లు గుక్కెడు తాగి తడిగుడ్డ ముఖానికి అద్దడం, ఇవి పూతమందుకు తోడుగా పనిచేస్తాయి. ఐసుగడ్డ నేరుగా పెట్టొద్దు.

కళ్ల సంగతి చాలామంది డాక్టరుకు చెప్పనే చెప్పరు, ముఖానికీ కంటికీ ఏం సంబంధమని. రోసేషియా కంటికీ వస్తుంది, ఒక్కోసారి చర్మంకంటే ముందే. ఇసుక పడినట్టు గరగర, రెప్పల అంచులు ఎర్రబడటం, మాటిమాటికీ కంటి కురుపులు దాని గుర్తులు. రోజూ ఐదు నిమిషాలు గోరువెచ్చటి గుడ్డతో మూసిన రెప్పల మీద కాపడం పెట్టి, అంచుల్ని మెత్తగా తుడవాలి (వేడి ఇక్కడొక్కచోటే మందు). కన్ను నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా నల్లగుడ్డు మీద పుండు కావచ్చు. అప్పుడు చర్మం డాక్టరు వచ్చే వారం ఇచ్చిన టైము కోసం ఆగకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.